పేరు తెలిస్తే సగం దొరికినట్టే: పాత కీ వాచీలకు విడిభాగాల వేట

అరవై ఏళ్ల నాటి కీ వాచీ ఒకటి ఆగిపోయింది. వెనక మూత తీసి చూస్తే తుప్పు లేదు, పళ్లచక్రాలన్నీ శుభ్రంగా ఉన్నాయి. అటూ ఇటూ ఊగుతూ టైమును కొలిచే బ్యాలెన్స్ వీల్ మాత్రం ఒక పక్కకు ఒరిగి ఉంది. దాని ఇరుసు కొన విరిగింది. ఆ కొన మందం మిల్లీమీటరులో పదో వంతు, ఒక్కోసారి అంతకన్నా తక్కువ. దాదాపు తలవెంట్రుకంత. ఊదితే ఎగిరిపోయే ఆ ఉక్కు ముక్క దొరక్క, మిగతా అంతా బాగున్న వాచీ ఏళ్ల తరబడి సొరుగులో పడి ఉంటుంది. పాత మెకానికల్ వాచీలను మళ్లీ నడిపించాలనుకునేవాళ్లకు పెద్ద కష్టం ఇదే. పని ఓపికగా నేర్చుకోవచ్చు, పనిముట్లు ఒక్కొక్కటిగా కూడబెట్టుకోవచ్చు. తయారీ ఎప్పుడో ఆగిపోయిన భాగాన్ని ఎక్కడి నుంచి తేవాలి?

చాలామంది డయల్ మీద ఉన్న పేరు పట్టుకుని వెతకడం మొదలుపెడతారు. ఆ పేరుతో ఏమీ దొరకదు. కంపెనీ మూతపడిందని తెలుస్తుంది, ఇక ఆశ లేదనుకుంటారు. కానీ డయల్ మీద ఉండేది వాచీని అమ్మినవాళ్ల పేరు. విడిభాగం కావాలంటే లోపలి యంత్రం, అంటే మూవ్‌మెంట్ చేసినవాళ్ల పేరు కావాలి. పాత వాచీల విషయంలో కొరత అని చెప్పుకునేదాంట్లో చాలా భాగం ఈ ఒక్క తేడా తెలియక వచ్చినదే. భాగం ఎక్కడో ఉంటుంది, వేరే పేరుతో ఉంటుంది. నిజంగా దొరకని భాగాలూ ఉన్నాయి. అయితే అవి జనం అనుకునే చోట ఉండవు.

డయల్ మీది పేరు, లోపలి పేరు

20వ శతాబ్దంలో స్విట్జర్లాండ్ నుంచి వాచీలు అమ్మిన కంపెనీల్లో ఎక్కువ భాగం సొంతంగా మూవ్‌మెంట్ తయారు చేసేవి కావు. ప్లేట్లు, బ్రిడ్జీలు, పళ్లచక్రాలు ఉన్న సగం తయారైన యంత్రాన్ని వేరే ఫ్యాక్టరీ నుంచి కొనేవి. దాన్ని అక్కడ ఎబోష్ అంటారు. దానికి మిగిలిన భాగాలు జతచేసి, మెరుగుపెట్టి, డయల్, ముళ్లు, కేసు తొడిగి తమ పేరు వేసుకునేవి. 1926లో ఎ. షీల్డ్, ఎఫ్‌హెచ్‌ఎఫ్, ఎ. మిషెల్ అనే మూడు ఎబోష్ ఫ్యాక్టరీలు కలిసి ఎబోష్ ఎస్‌ఏ అనే సంస్థగా ఏర్పడ్డాయి. తర్వాతి కాలంలో ఈటీఏ, ఫెల్సా, యూనిటాస్, పెసూ, వీనస్, వాల్జూ లాంటివి అందులో చేరాయి. డయళ్ల మీద వేల పేర్లు కనిపించినా, లోపలి యంత్రాలు చాలావరకు ఈ కొద్ది ఫ్యాక్టరీలవే.

అందుకే ఈ రంగంలో మామూలు అంచనాలు తలకిందులవుతాయి. ఎవరూ వినని పేరున్న వాచీకి భాగాలు తేలిగ్గా దొరకవచ్చు, ఎందుకంటే అదే ఎ. షీల్డ్ మూవ్‌మెంట్ ఇంకా ఎన్నో బ్రాండ్లలో తిరిగింది. గొప్ప పేరున్న కంపెనీ పూర్తిగా సొంతంగా చేసుకున్న మూవ్‌మెంట్‌కు భాగం దొరకడం కష్టం. లాంజిన్స్ 1936లో తెచ్చిన 13జెడ్‌ఎన్ క్రోనోగ్రాఫ్ (స్టాప్‌వాచ్ కూడా ఉన్న వాచీ యంత్రం) ఇందుకు మంచి ఉదాహరణ. అది అద్భుతమైన యంత్రం. కానీ వేరే కంపెనీల వాచీల్లో దానికి తోబుట్టువులు లేవు. దానికి ఒక లివర్ విరిగితే మరో 13జెడ్‌ఎన్ నుంచే రావాలి, లేకపోతే చేత్తో చేయాలి.

మూవ్‌మెంట్ పేరునే కాలిబర్ అంటారు. స్విస్ మూవ్‌మెంట్లలో చాలావాటికి అది బ్యాలెన్స్ వీల్ కింద మెయిన్ ప్లేటు మీద చెక్కి ఉంటుంది. తయారీదారు ముద్ర, దాని పక్కన అంకెలు. బ్యాలెన్స్ ఆగి ఉన్నప్పుడు దాని సందుల్లోంచి భూతద్దంతో చూస్తే కనపడుతుంది. కొన్నిటిలో డయల్ తీస్తే గానీ బయటపడదు. అమెరికన్ జేబు గడియారాల దారి వేరు. వాటిలో మూవ్‌మెంట్ మీది సీరియల్ నంబరును బట్టి గ్రేడ్, అంటే అది ఏ రకం మూవ్‌మెంటో, తెలుసుకోవాలి. ఎల్జిన్ కంపెనీ ఒక్కటే దాదాపు 6 కోట్ల వాచీలు చేసింది, ఆ నంబర్లకు పట్టికలు ఉన్నాయి. ఇక్కడ ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది: మూవ్‌మెంట్ నంబరుకు బదులు కేసు లోపలి నంబరు రాసుకుంటారు. ఆ రోజుల్లో కేసులు చాలావరకు వేరే కంపెనీలవి. మూవ్‌మెంట్, కేసు విడివిడిగా ఎంచుకుని కొనేవాళ్లు. కేసు నంబరుతో మూవ్‌మెంట్ గురించి ఏమీ తెలియదు.

ఎక్కడా ఏ గుర్తూ లేకపోతే కొలత మొదలుపెట్టాలి. మూవ్‌మెంట్ వ్యాసాన్ని లీన్యలలో చెప్పడం పాత అలవాటు. ఒక లీన్య అంటే దాదాపు 2.256 మిల్లీమీటర్లు. 11½ లీన్యలంటే సుమారు 26 మిల్లీమీటర్లు. కానీ ఒకే వ్యాసంలో వందల కాలిబర్లు ఉంటాయి కాబట్టి కొలత ఒక్కటే సరిపోదు. అప్పుడు డయల్ తీసి, కీ ఇచ్చే మీట దగ్గరి భాగాల అమరిక చూడాలి. ముఖ్యంగా సెట్టింగ్ లివర్ స్ప్రింగ్ ఆకారం. కీ ఇచ్చే మీటను, అంటే క్రౌన్‌ను, బయటికి లాగినప్పుడు 'టక్' మని ఒక స్థానంలో నిలబెట్టే పలుచని ఉక్కు రేకు అది. ప్రతి ఫ్యాక్టరీ దాన్ని తనదైన వంపులతో గీసుకుంది. పాత విడిభాగాల కేటలాగులు వాచీని గుర్తుపట్టడానికి ఈ రేకు బొమ్మనే వేలిముద్రలా వాడుకున్నాయి. వాచీల్లో తరచుగా విరిగే భాగాల్లో ఇదీ ఒకటి కావడం వల్ల, దాని విరిగిన ముక్కల్ని పారేయడం ఈ పనిలో పెద్ద తప్పు. కాలిబర్ చెప్పగల సాక్ష్యం ఆ ముక్కల్లోనే ఉంటుంది.

కాలిబర్ తెలిశాక భాగానికీ ఒక సంఖ్య ఉంటుంది. స్విస్ ఎబోష్ పద్ధతిలో 401 అంటే కీ ఇచ్చే స్టెమ్, 445 అంటే ఇప్పుడు చెప్పుకున్న సెట్టింగ్ లివర్ స్ప్రింగ్, 705 ఎస్కేప్ వీల్, 710 ప్యాలెట్ ఫోర్క్, 723 బ్యాలెన్స్ స్టాఫ్ (బ్యాలెన్స్ వీల్ ఇరుసు), 770 మెయిన్‌స్ప్రింగ్ (కీ ఇచ్చినప్పుడు చుట్టుకుని వాచీని నడిపే స్ప్రింగు). కాలిబర్, భాగం సంఖ్య, ఈ రెండూ కలిస్తే ఏ దేశంలో ఉన్న పాత సరుకు పెట్టెలోనైనా అడగడానికి ఒక భాష దొరికినట్టే. 'చిన్న స్ప్రింగు, ఇలా వంకరగా ఉంటుంది' అని ఫొటో పంపేవాళ్లకు దొరకనిది, కాలిబర్ పక్కన 445 అని రాసినవాళ్లకు దొరుకుతుంది.

దొరికిందల్లా సరిపోదు

కాలిబర్ కలిసినంత మాత్రాన భాగం సరిపోతుందని నమ్మకూడదు. ఒక మూవ్‌మెంట్‌ను ఇరవై ముప్పై ఏళ్లు తయారు చేస్తే మధ్యలో మార్పులు జరుగుతాయి. అన్నిటికన్నా ఎక్కువ తేడా బ్యాలెన్స్ స్టాఫ్‌లో వస్తుంది. 1930ల నుంచి ఇన్‌కాబ్లాక్ లాంటి షాక్ రక్షణలు వాచీల్లోకి రావడం మొదలైంది. కింద పడ్డప్పుడు దెబ్బ ఇరుసు కొన మీద పడకుండా, ఆ కొన తిరిగే రత్నపు రాయి స్ప్రింగు మీద కాస్త పక్కకు జరిగేలా చేసే ఏర్పాటు అది. ఒకే కాలిబర్‌ను కొంతకాలం షాక్ రక్షణ లేకుండా, తర్వాత రక్షణతో చేసిన సందర్భాలు చాలా ఉన్నాయి. రెంటికీ స్టాఫ్ వేరు. రక్షణ రకం మారినా స్టాఫ్ మారవచ్చు. కాబట్టి 723 అని అడిగేటప్పుడు ఏ షాక్ రక్షణకు కావాలో కూడా చెప్పాలి.

అలాగే నిమిషాల ముల్లును మోసే క్యానన్ పినియన్‌కు ఒకే కాలిబర్‌లో రెండు మూడు ఎత్తులు ఉంటాయి. డయల్ మందం, ముళ్ల అమరిక బట్టి ఫ్యాక్టరీ వేర్వేరు ఎత్తుల్లో చేసేది. తప్పు ఎత్తుది వేస్తే ముళ్లు ఒకదానికొకటి తగులుకుంటాయి, లేదా అద్దానికి రాసుకుంటాయి. పెద్ద కంపెనీలు కొన్న మూవ్‌మెంట్‌ను మార్చుకోవడం మరో చిక్కు. రోలెక్స్ డేటోనా పాత మోడళ్లలోని 727 కాలిబర్‌కు ఆధారం వాల్జూ 72. కానీ వాల్జూ 72 గంటకు 18,000 సార్లు కొట్టుకుంటే, 727 కొట్టుకునేది 21,600 సార్లు. లివర్లూ చక్రాలూ కొన్ని కలవచ్చు గానీ, బ్యాలెన్స్ కలవదు.

బ్యాలెన్స్ సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. బ్యాలెన్స్ వీల్, దాన్ని ఊగించే సన్నని చుట్ల హెయిర్‌స్ప్రింగ్ జంటగా సరిచూసి అమర్చినవి. ఒక వాచీ నుంచి చక్రం, మరో వాచీ నుంచి స్ప్రింగు తెచ్చి కలిపితే కొట్టుకుంటాయి, కానీ టైము తప్పుతుంది. రోజుకు నిమిషాల్లో తేడా వస్తుంది, వేగం సరిచేసే రెగ్యులేటర్‌ను చివరిదాకా జరిపినా దారికి రాదు. అందుకే పాత సరుకులో 721, అంటే హెయిర్‌స్ప్రింగ్‌తో సహా పూర్తి బ్యాలెన్స్ దొరికితే అది స్టాఫ్ ఒక్కటే దొరకడం కన్నా చాలా మేలు.

మెయిన్‌స్ప్రింగ్‌ది దీనికి పూర్తిగా వ్యతిరేకమైన కథ. అది కాలిబర్‌ను బట్టి కాక కొలతలను బట్టి నడుస్తుంది: వెడల్పు, మందం, పొడవు, అది కూర్చునే డబ్బా లోపలి వ్యాసం. ఈ నాలుగూ తెలిస్తే వందేళ్ల నాటి వాచీకైనా కొత్త స్ప్రింగు దొరికే అవకాశం బాగా ఉంది. పాత కార్బన్ స్టీల్ స్ప్రింగులు ఏళ్ల తరబడి చుట్టుకుని ఉండి బలం కోల్పోతాయి, లేదా ఠప్పున విరుగుతాయి. కొత్తవి విరగని మిశ్రమ లోహాలతో వస్తున్నాయి. కాబట్టి ఇక్కడ 'అసలు కంపెనీ భాగమే కావాలి' అనే పట్టుదల అనవసరం. కానీ మందంలో అజాగ్రత్త పనికిరాదు. స్ప్రింగు ఇచ్చే బలం మందం ఘనానికి అనుపాతంలో పెరుగుతుంది. 0.10 మిల్లీమీటర్ల స్ప్రింగు ఉండాల్సిన చోట 0.11 వేస్తే తేడా వెంట్రుకలో ఏడో వంతు కూడా ఉండదు, బలం మాత్రం 33 శాతం పెరుగుతుంది. బ్యాలెన్స్ హద్దు దాటి ఊగుతుంది, వాచీ పరుగెత్తుతుంది, పళ్లచక్రాల మీద అరుగుదల ఎక్కువవుతుంది. పాత స్ప్రింగును కొలిచి అదే కొలత తెస్తే చాలనుకోవడమూ ప్రమాదమే. అంతకుముందు రిపేరు చేసినవాళ్లు చేతికి దొరికింది వేసి ఉండవచ్చు. కేటలాగు కొలతతో పోల్చి చూడాల్సిందే.

ఇంత కొరత ఎలా వచ్చింది

1969 డిసెంబరు 25న సీకో ఆస్ట్రాన్ పేరుతో మొదటి క్వార్ట్జ్, అంటే బ్యాటరీతో స్ఫటికం కంపనాల మీద నడిచే, చేతి గడియారం అమ్మకానికి వచ్చింది. తర్వాతి పదిహేనేళ్లలో మెకానికల్ వాచీల పరిశ్రమ కూలిపోయింది. 1970లో స్విస్ వాచీ పరిశ్రమలో సుమారు 90,000 మంది పనిచేసేవాళ్లు. 1980ల మధ్యకు వచ్చేసరికి ఆ సంఖ్య 30,000 దగ్గరికి పడిపోయింది. మూతపడ్డ ఫ్యాక్టరీల్లో యంత్రాలు తుక్కుగా పోయాయి, అచ్చులు కరిగిపోయాయి. విడిభాగం కొరతకు మూలం అచ్చు పోవడం. అచ్చు ఉంటే వందేళ్ల తర్వాతైనా రేకు కోయవచ్చు. అచ్చు పోతే అప్పటికే కోసి ఉన్న ముక్కలే ఇక లోకంలో ఉన్నవన్నీ.

అచ్చు విలువ ఎంతో చెప్పే నిజమైన కథ స్విట్జర్లాండ్‌లో లె లాకిల్‌లోని జెనిత్ ఫ్యాక్టరీది. ఆ కంపెనీ 1969లో ఎల్ ప్రిమెరో అనే ఆటోమేటిక్ (చేతి కదలికతోనే కీ తిరిగే) క్రోనోగ్రాఫ్ మూవ్‌మెంట్ తెచ్చింది. 1975లో అప్పటి అమెరికన్ యజమానులు మెకానికల్ తయారీ ఆపేయమన్నారు, పరికరాలు వదిలించుకోమన్నారు. అక్కడ పనిచేసే షార్ల్ వెర్మో అనే ఉద్యోగి ఆ ప్రెస్‌లను, పనిముట్లను, కాగితాలను రహస్యంగా అటక మీదికి చేర్చి దాచాడు. ఏది దేనికో రాసిపెట్టుకున్నాడు. 1980ల్లో మెకానికల్ వాచీలకు మళ్లీ గిరాకీ వచ్చినప్పుడు ఆ అటక మీది సామాను వల్లే అదే మూవ్‌మెంట్‌ను తిరిగి తయారు చేయగలిగారు. 1988లో రోలెక్స్ సైతం తన డేటోనాకు దాన్నే ఆధారంగా తీసుకుంది. ఇవాళ 1970ల నాటి ఎల్ ప్రిమెరోను బాగు చేయగలుగుతున్నారంటే దాని వెనక ఆ ఒక్క మనిషి తెగువ ఉంది. అలాంటి మనిషి లేని ఫ్యాక్టరీలే ఎక్కువ.

ఇంకో రకంగా బతికిన అచ్చులూ ఉన్నాయి. వీనస్ 175 క్రోనోగ్రాఫ్ తయారీ పరికరాలు 1960ల మొదట్లో చైనాకు చేరాయి. అక్కడి నుంచి పుట్టిన సీగల్ ఎస్‌టీ19 నేటికీ తయారవుతోంది. దాన్ని చూసి వీనస్ 175 యజమానులు ఊరట చెందడం సహజం. కానీ దశాబ్దాల మార్పుల తర్వాత రెండూ ఒకటి కావు. ఒక్కో భాగం కొలిచి సరిచూసుకోవాల్సిందే. యూనిటాస్ 6497ది వేరే అదృష్టం. జేబు గడియారాల కోసం పుట్టిన ఆ 36.6 మిల్లీమీటర్ల మూవ్‌మెంట్‌ను పెద్ద చేతి గడియారాల్లో వాడటం మొదలుపెట్టాక ఈటీఏ తయారీ ఆపలేదు.

తయారవుతున్నా అందని భాగాలది మరో బాధ. కొన్ని పెద్ద కంపెనీలు తమ విడిభాగాలను తాము ఆమోదించిన సర్వీస్ కేంద్రాలకే ఇస్తాయి. దీని మీద ఐరోపాలో స్వతంత్ర వాచ్ రిపేరర్ల సమాఖ్య 2004లో యూరోపియన్ కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. కమిషన్ 2008లో దాన్ని తోసిపుచ్చితే 2010లో కోర్టు ఆ నిర్ణయాన్ని రద్దు చేసింది. కమిషన్ మళ్లీ విచారించి 2014లో ఫిర్యాదును మూసేసింది. 2017లో కోర్టు ఈసారి కమిషన్ పక్షమే నిలిచింది. ఈలోగా స్వాచ్ గ్రూప్ 2015 చివరి నుంచి స్వతంత్ర హోల్‌సేల్ వ్యాపారులకు విడిభాగాలు సరఫరా చేయడం ఆపేసింది. నాణ్యత కాపాడటానికే ఈ కట్టడి అని కంపెనీల వాదన. ఆ వాదనలో కొంత నిజం ఉంది. శిక్షణ లేని చేతిలో అసలు భాగమైనా పాడవుతుంది. కానీ దాని ఫలితం పాత వాచీల మీద కఠినంగా పడింది. కంపెనీ సర్వీస్ కేంద్రం పాత డయల్, ముళ్లు తీసేసి కొత్తవి వేస్తానంటే, యజమాని పాతవే ఉండాలంటాడు. అలా ఉంచి బాగు చేయగల స్వతంత్ర పనివాడికి భాగం అందదు. మధ్యలో వాచీ మిగిలిపోతుంది.

మిగిలిన సరుకు ఎక్కడ ఉంది

పాత కొత్త సరుకు, అంటే ఆనాడే తయారై వాడకుండా మిగిలిన భాగాలు, ప్రధానంగా రిటైరైన వాచ్ మేకర్ల సొరుగుల్లో, మూతపడ్డ విడిభాగాల వ్యాపారుల గోదాముల్లో బయటపడతాయి. చిన్న కాగితపు పొట్లాలు, గాజు గొట్టాలు, గుండ్రటి అల్యూమినియం డబ్బీలు. ఒక్కోదాని మీద కాలిబర్, భాగం సంఖ్య రాసి ఉంటాయి. ఇలాంటి పెట్టెలను వారసులు విలువ తెలియక మొత్తంగా అమ్మేస్తుంటారు. కొన్నవాళ్లు పొట్లాలు విప్పి కలిపేస్తే నష్టం తీరదు, ఎందుకంటే పొట్లం లేని బ్యాలెన్స్ స్టాఫ్ పేరు లేని ఉక్కు ముక్కే. వంద స్టాఫ్‌ల కుప్పలోంచి కావాల్సినదాన్ని మైక్రోమీటరుతో ఏరడం రోజుల పని. పొట్లంలో ఉన్నదాన్నీ కళ్లు మూసుకుని నమ్మకూడదు. తేమ తగిలిన ఉక్కుకు కొనల దగ్గర తుప్పు మచ్చలు పడతాయి. భూతద్దం కింద మచ్చ కనిపిస్తే ఆ కొన రత్నపు రాయిని అరగదీస్తుంది.

రెండో దారి మరో వాచీని విప్పి దాని భాగం వాడటం. ఇక్కడ చాలామంది మోసపోయే చోటు ఒకటుంది. ఒక కాలిబర్‌లో ఏ భాగం బలహీనమో, అదే భాగం అన్ని వాచీల్లోనూ అరిగి ఉంటుంది. ఆటోమేటిక్‌లో చేయి ఎటు కదిలినా కీ ఒకే వైపు తిప్పే రివర్సింగ్ వీల్ పాడైందని అదే మోడల్ పాత వాచీ కొంటే, అందులోనూ రివర్సింగ్ వీల్ పాడై ఉండే అవకాశమే ఎక్కువ. బహుశా ఆ వాచీ అమ్మకానికి వచ్చిందే అందుకు. కాబట్టి 'నడవడం లేదు, స్పేర్ కోసం' అని అమ్మేవాళ్లను అడగాల్సిన ప్రశ్న, ఎందుకు నడవడం లేదని. కావాల్సిన భాగం స్పష్టంగా కనిపించే ఫొటో లేకుండా కొనడం గుడ్డిగా కొనడమే. కేసు లేని విడి మూవ్‌మెంట్లు ఈ విషయంలో తరచుగా మెరుగు. బంగారం ధర పెరిగినప్పుడల్లా బంగారు కేసులు కరిగిస్తారు, లోపలి యంత్రాలు మిగిలిపోతాయి. అవి చెడిపోయి పక్కన పెట్టినవి కావు, కేసు కోసం బలైనవి.

ఇంకో వాచీని విప్పడం గురించి ఒక మాట సూటిగా చెప్పాలి. వాల్జూ 72 ఒకప్పుడు డజన్ల కొద్దీ బ్రాండ్లలో ఉండేది. ఇవాళ పేరున్న బ్రాండ్ల వాచీలు చాలా ఖరీదు కాబట్టి, పేరు లేని బ్రాండ్లలోని అదే మూవ్‌మెంట్‌ను పీకి వాటి భాగాలు వీటికి తొడుగుతున్నారు. పేరు లేని వాచీ తన కాలానికి తనూ ఒక సాక్ష్యం. బాగున్న వాచీని భాగాల కోసం విప్పడం నష్టమే, దానికి ఎంత ధర వచ్చినా. ఎలాగూ మళ్లీ నడవని వాచీ, నీళ్లు చేరి ప్లేటు తినేసిన వాచీ, డయల్ కేసు పోయిన మూవ్‌మెంట్, ఇలాంటివి ఉండగా నడిచే వాచీ జోలికి పోకూడదు.

పాత వాచీలు విప్పేవాళ్లు తప్పక తెలుసుకోవాల్సినది ఇంకొకటి ఉంది. 1960ల వరకు చీకట్లో వెలిగే ముళ్లకు, అంకెలకు రేడియం కలిపిన రంగు వాడారు. రేడియం-226 అర్ధాయువు 1,600 ఏళ్లు. ఇప్పుడు అది వెలగకపోవచ్చు. వెలిగే జింక్ సల్ఫైడ్ క్షీణించింది కాబట్టి వెలగదు, రేడియం మాత్రం అలాగే ఉంది. వెలగడం లేదు కాబట్టి ప్రమాదం లేదనుకోవడం పూర్తిగా తప్పు. ఆ రంగును గీకకూడదు, ఊదకూడదు. రాలిన పొడి ఊపిరితో గానీ, చేతుల నుంచి నోటికి గానీ లోపలికి పోవడమే అసలు ముప్పు. అలాంటి ముళ్లను, డయళ్లను తెరచిన డబ్బాల్లో గుట్టగా ఉంచుకోవడమూ మంచిది కాదు. తర్వాత వచ్చిన ట్రిటియం అర్ధాయువు 12.3 ఏళ్లే, ప్రమాదం చాలా తక్కువ.

కేసుకు సంబంధించిన భాగాలే నిజంగా కొరతగా ఉండేవి. మూవ్‌మెంట్ వంద బ్రాండ్లలో ఉండవచ్చు, కానీ ఆ డయల్, ఆ ముళ్లు, ఆ కేసు ఒక మోడల్‌వి మాత్రమే. ప్లాస్టిక్ అద్దం గుండ్రంగా ఉంటే కొలత చూసి కొత్తది వేయవచ్చు. చతురస్రం, పీపా ఆకారం అయితే చేయించాలి. మాయిన డయల్‌కు మళ్లీ రంగు వేయించడం కన్నా దాన్ని అలాగే ఉంచడమే ఎక్కువసార్లు సరైన పని. ఆనాటి ముద్ర అక్షరాల పదును మళ్లీ రాదు.

దొరక్కపోతే

కొత్త భాగం వెతకడానికి ముందు పాతదాన్ని కాపాడగలమా అని చూడటం మంచి పనివాళ్ల అలవాటు. చక్రం ఇరుసు కొన విరిగితే ఆ ఇరుసు మధ్యలో సన్నని రంధ్రం చేసి కొత్త ఉక్కు కొన దించవచ్చు. పగిలిన రత్నపు రాయిని దాదాపు ఎప్పుడూ మార్చవచ్చు. ప్రెస్‌తో బిగించే రాళ్లు బయటి వ్యాసం, రంధ్రం కొలతలను బట్టి దొరుకుతాయి. ఇంకా పాత వాచీల్లో రాయి చుట్టూ లోహపు అంచును ఒత్తి బిగించేవాళ్లు. అక్కడ పని ఇంకా నెమ్మదిగా సాగుతుంది.

సెట్టింగ్ లివర్ స్ప్రింగు, క్లిక్ స్ప్రింగు లాంటి రేకులు చేత్తో చేయగలిగినవే. పాతదాని ముక్కలు కలిపి ఆకారం గీసుకుని, ఉక్కు పలకను కోసి, ఆకురాయితో సరిచేసి, కాల్చి చల్లార్చి గట్టిపరచి, మళ్లీ వేడిచేసి నీలిరంగుకు తేవాలి. ఆ చివరి వేడి సరిగ్గా అందకపోతే మొదటిసారి క్రౌన్ లాగగానే విరుగుతుంది.

బ్యాలెన్స్ స్టాఫ్‌కు లేత్ కావాలి. దగ్గరి కొలతలున్న వేరే కాలిబర్ స్టాఫ్ దొరికితే పని తగ్గుతుంది. ఇక్కడ ఒకటే నియమం: ఎక్కువున్న చోట తగ్గించవచ్చు, తక్కువున్న చోట పెంచలేం. కాబట్టి అన్ని కొలతల్లోనూ కాస్త పెద్దదే వెతుక్కోవాలి. పాత స్టాఫ్ తీయడంలోనే చాలా బ్యాలెన్స్ వీల్స్ పాడవుతాయి. రివెట్‌ను లేత్ మీద కోసి తీయకుండా సుత్తితో బయటికి కొడితే చక్రం రంధ్రం పెద్దదవుతుంది. అప్పుడు సరైన స్టాఫ్ దొరికినా నిటారుగా నిలబడదు. అందని భాగం ఒకటి ఉండగా దానికి రెండోది తోడవుతుంది.

పళ్లచక్రం చేయడం ఇంకా కష్టం. వాచీ పళ్ల ఆకారం మామూలు యంత్రాల గేర్ల లాంటిది కాదు. సరైన కట్టర్, సరైన విభజన లేకపోతే చక్రం తిరుగుతుంది గానీ బలం సమానంగా అందించదు. హెయిర్‌స్ప్రింగ్‌ను అసలు లోహం నుంచి చేసుకోవడం వ్యక్తుల వల్ల అయ్యే పని కాదనే అనుకోవాలి. పాత హెయిర్‌స్ప్రింగ్ వంగితే, ఎంతసేపు పట్టినా పట్టకారుతో చుట్టు చుట్టూ సరిదిద్దడమే దారి.

పరస్పరం మార్చుకోగల భాగాలు రాకముందు చేసిన వాచీలకు ఈ అధ్యాయం ఒక్కటే వర్తిస్తుంది. 1850ల్లో అమెరికాలో వాల్తమ్ కంపెనీ మొదలుపెట్టిన యంత్రాల పద్ధతి స్థిరపడేదాకా ఒక్కో వాచీని ఒక్కో పనివాడు చేత్తో సరిపెట్టేవాడు. ఒకే సంతకం ఉన్న రెండు వాచీల భాగాలు కూడా ఒకదానికొకటి సరిపోవు. అలాంటి వాచీకి విడిభాగం వెతకడంలో సమయం వృథా చేయకుండా చేయగలవాళ్లను వెతకాలి.

చేసిన భాగమైనా, వేరే వాచీ నుంచి తెచ్చినదైనా, వాచీతో పాటు ఒక కాగితం ఉండాలి. కాలిబర్, ఏ భాగం మార్చారు, అది ఎక్కడిది, మెయిన్‌స్ప్రింగ్ కొలతలు, తేదీ. తీసిన పాత భాగాన్ని చిన్న కవరులో పెట్టి దానికే జతచేయాలి. విరిగిన 445 ముక్కైనా సరే. ఇంకో ముప్పై ఏళ్లకు ఆ వాచీ మూత తీసేవాళ్లకు కొలతలు తీసుకోవడానికి అసలు నమూనా అదొక్కటే మిగలవచ్చు.